వినపడిందా?

హాల్లో టీవీకి అటూ ఇటూ నిలబెట్టిన స్పీకర్లని మా అమ్మ నల్ల బీరువాలంటుంది. వాటి అసలు ఖరీదు మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు. మొత్తం సెట్టు 80 వేలని చెప్పాను. స్పీకర్లు, ఆంప్లిఫయర్, సీడీ ప్లేయరు, వైర్లు కలిపి 6 లక్షలు దాటింది. ఆ ఏడు చెరువులో వనామీ రొయ్య మంచి కౌంటుకొచ్చింది, పట్టుబడి నాటికి రేటూ నిలబడింది. రొయ్యల డబ్బు చేతిలో పడ్డవాడు దిండిలోనో ఇంకెక్కడో స్థలం కొంటాడు, లేకపోతే కారు కొంటాడు. నేను హైదరాబాదు వెళ్లి ఈ సెట్టు కొనుక్కొచ్చాను.

సమర్థన మాత్రం ఘనంగా ఉండేది. బాలమురళీకృష్ణ 1930లో పుట్టిన శంకరగుప్తం మా మలికిపురం మండలంలోదే. మా నాన్న ఆయన్ని ‘మనూరాయన’ అనేవాడు, శంకరగుప్తం మనూరు కాకపోయినా. పొద్దున్నే విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని మొదలయ్యేసరికి రేడియో అరుగు మీదకొచ్చేది. అది అయ్యేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా ఒప్పుకునేవాడు కాదు. అంతటి బాలమురళి గొంతుని అంత చిన్న పెట్టెలో విన్నాం కదా, సరైన సెట్టులో వింటే ఇంకెలా ఉంటుందో అన్నది నా వాదన. ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ణి. నాన్న పేరు, బాలమురళి పేరు కలిపి చెబితే ఖరీదెంతని ఎవరూ అడగరు.

షాపులో వినిపించిన గది వేరు. నేలంతా మందపాటి తివాచీ, గోడలకి మెత్తలు, మధ్యలో ఒకే కుర్చీ. అందులో కూర్చోబెట్టి స్పీకర్లకి మామూలు వైరుతో ఒకసారి, ఖరీదైన వైరుతో ఒకసారి అదే పాట పెట్టారు. రెండోది బావుందనిపించింది. ఏది ఎప్పుడు తగిలిస్తున్నారో కళ్లారా చూస్తూ విన్నాను, అది మొదటి తెలివితక్కువతనం. సౌండు పిసరంత పెరిగితే చెవి పెరిగిందని చెప్పదు, బావుందని చెబుతుంది. ఈ సంగతి తెలిసినవాడెవడూ రెంటినీ ఒకే మోతాదులో పెట్టకుండా పోల్చడు. నాకది తెలీదు. వైరు 45 వేలు. లోపల ఆక్సిజన్ లేని రాగి, పైన నల్లటి అల్లిక తొడుగు.

ఆంప్లిఫయర్ 200 వాట్లు. ఇంట్లో మామూలుగా పాట వినడానికి ఒక వాటు అటూ ఇటూగా ఖర్చవుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే నాకంటే సగం ధరలో 100 వాట్లది కొన్నవాడికీ నాకూ తేడా ఆ మూడే. అదీ ఫుల్లుగా తిప్పితేనే, తిప్పితే మా అమ్మ ఊరుకోదు.

ఇంటికి తెచ్చి బిగించాక అసలు పిచ్చి మొదలైంది. ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు సోఫా మధ్యలో కూర్చోబెట్టేవాణ్ణి. మాట్లాడనిచ్చేవాణ్ణి కాదు. బాలమురళి తిల్లానా పెట్టి, ఒక చోట చెయ్యెత్తి, “అదిగో, ఊపిరి తీసుకున్నారు. వినపడిందా?” అనేవాణ్ణి. వాళ్లు ఇబ్బందిగా నవ్వితే పాట వెనక్కి తిప్పి మళ్లీ పెట్టేవాణ్ణి. వినపడిందనేదాకా ఇదే వరస. తలూపనివాడు లేడు. పెళ్లి కార్డు ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన ముహూర్తం సంగతి చెప్పకుండానే వెళ్లిపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఊపిరి నాకూ కొన్ని రోజులు వినపడేది, కొన్ని రోజులు వినపడేది కాదు. వినపడని రోజున కరెంటు వోల్టేజీ బాలేదనేవాణ్ణి. చుట్టూ చెరువుల మీద ఏరేటర్లు తిరిగే ఊళ్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

మా అక్క కొడుకు బెంగళూరు నుంచి సంక్రాంతికొచ్చాడు. వాణ్ణీ కూర్చోబెట్టాను. వాడు తలూపలేదు. ఫోను తీసి, “మావయ్యా, ఇది వినిపిస్తోందా?” అన్నాడు. సన్నగా ఈల. వినిపిస్తోందన్నాను. “ఇది?” ఇంకా సన్నటి ఈల, అదీ వినిపించింది. “ఇది?” నాకేమీ లేదు. ఫోను పాడయ్యిందేమో అన్నాను. అంతలో వాడి పిల్ల గదిలోంచి చెవులు మూసుకుంటూ వచ్చి, “నాన్నా, ఆ కీచు ఆపు,” అంది. ఫోను మీద అంకె 12 కిలోహెర్ట్జ్. పసిపిల్లలకి 20 దాకా వినపడేది, వయసొచ్చేకొద్దీ పైనుంచి రాలిపోతుందట. అరవైకి దగ్గరపడ్డ నాకు 11 దగ్గర గడప.

నా స్పీకర్ల అట్టపెట్టె మీద మాత్రం 40 కిలోహెర్ట్జ్ అని ఉంది. ఆ లెక్క చూసుకుంటే నవ్వొచ్చింది. మీడియం వేవులో ఒక స్టేషనుకీ పక్క స్టేషనుకీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అందుకని పాటలో నాలుగున్నర దాటినది మన రేడియో దాకా సరిగా రాదు. నాన్న కళ్లు మూసుకుని విన్న భక్తిరంజని ఆ నాలుగున్నరలోదే. 1957 నాటి మాయాబజార్ పడవ పాట సంగతీ అంతే. అప్పటి సినిమా శబ్దం ఫిల్ము అంచున వెలుతురు చారగా అచ్చయ్యేది, 8 దాటినది హాలుకి చేరేసరికి చాలామటుకు అణిగిపోయేది. పైగా అది మోనో. రెండు స్పీకర్లలోనూ ఘంటసాల, లీల ఒకేలా పాడతారు. పాటలో ఉన్నది 8, చెవికి అందేది 11, నేను డబ్బు కట్టింది 40కి.

వాడు అక్కడితో వదల్లేదు. చెరువు గట్టు మీద ఏరేటర్‌కి లాగగా మిగిలిన రాగి వైరు ముక్క తెచ్చి, కొనలు చాకుతో గీకాడు. నన్ను వెనక్కి తిరిగి కూర్చోమన్నాడు. ఒకసారి అది, ఒకసారి నా 45 వేలది, ఇష్టమొచ్చిన వరసలో తగిలిస్తూ, సౌండు ఫోనుతో కొలిచి సమం చేస్తూ పెట్టాడు. నేను మొదట్లో ధీమాగా చెప్పాను, తర్వాత ఆలోచించి చెప్పాను, చివర్లో వాడు వేళ్లతో బిగిస్తున్న చప్పుడు ఎంతసేపు పడుతోందో విని ఊహించి చెప్పాను. సగం ఒప్పు, సగం తప్పు. బొమ్మా బొరుసూ వేసినా అన్ని ఒప్పులొచ్చేవి.

ఇందులో నాకు తోడు దొరకడం కొంత ఊరట. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే పెట్టి అచ్చేశారు. వాళ్లది వైరు కాదు, సీడీ కంటే మేలురకం అని అమ్మే డిస్కులు. ఆ శబ్దాన్నే సీడీ స్థాయికి కుదించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. విన్నవాళ్లలో రికార్డింగు వృత్తిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. అక్కడా సగమే.

ఇంతకీ అంతా దండగేనా అంటే, కాదు. మృదంగం ఎడమవైపు తొప్పి మోత నాన్న రేడియోలో ఎప్పుడూ వినలేదు. కుడివైపు వలంతల టకటకలే వినిపించేవి, ఎడం చెయ్యి ఊరికే ఆడుతున్నట్టుండేది. ఈ స్పీకర్లలో తొప్పి మీద అరచెయ్యి జారి మోత లోపలికి వంగడం తెలుస్తుంది. చిట్టిబాబు వీణలో మంద్రం తీగ మీటాక చాలాసేపు నిలుస్తుంది. అది నిజమైన తేడా, వెనక్కి తిరిగి కూర్చుని విన్నా తెలిసే తేడా. కాకపోతే దానికి ఓ 40, 50 వేల స్పీకర్లు చాలేవి. అక్కడిదాకా పెట్టిన రూపాయి చెవికి అందుతుంది. ఆ పైన పెట్టింది వచ్చినవాళ్ల కంటికి.

ఈ తొప్పి సంగతి కూడా నా అంతట నేను కనిపెట్టింది కాదు. రాజోలులో పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకు సెట్టు కట్టే పెద్దాయన ఒకాయన వస్తే, అలవాటు కొద్దీ కూర్చోబెట్టాను. వినపడిందా అని అడిగే లోపే ఆయన లేచి, గది మధ్యలో ఒక్క చప్పట్టు కొట్టాడు. గణగణమని మోగింది. “సామాను మంచిదేనండి. గదే పాడేస్తోందండి,” అన్నాడు. కింద గ్రానైటు, పైన స్లాబు, పక్కన అద్దాల షోకేసు. 14 అడుగుల గోడల మధ్య 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం అటూ ఇటూ తగిలి ఉబ్బిపోతుంది, అందుకే తొప్పి విడిగా తెలియక బొయ్యిమంటూ ఉండేది. అదంతా ఖరీదైన బేసు అనుకుని మురిశాను నేను. స్పీకర్లని మూలల్లోంచి రెండడుగులు ముందుకి జరిపించాడు. వెనక స్క్రూలకి గోదావరి గాలికి పట్టిన కిలుము చూపించి, గుడ్డతో తుడిచాడు. మందపాటి పరదాలు కట్టించండి, కింద పీచు చాప వేయించండి అన్నాడు. ముందు చూద్దామని మంచాల మీది బొంతలూ పరుపులూ తెచ్చి గోడలకి ఆనించాను. ఆ రాత్రి విన్న పాట షాపులో విన్న పాటే. మర్నాడు పొద్దున మా ఆవిడ, “ఏవండీ, చుట్టాలొస్తే హాల్లో ఈ పక్కల సంతేంటండీ,” అని అన్నీ లోపల పడేయించింది.

వైరు పీకి డబ్బాలో పెట్టేశాను. ఏరేటర్ ముక్కతోనే నడుస్తోంది. ఈలోగా పాలకొల్లు నుంచి మా ఆవిడ అన్నగారు ఫోను చేశారు. ఆయనకీ ఈ ఏడు చెరువు కలిసొచ్చింది, సెట్టు కొన్నారు. “బావా, నువ్వు వాడే వైరు ఏదో చెప్పు,” అన్నారు. పరదాలు కట్టించుకోండి బావగారూ అనాలి. నోటి దాకా వచ్చింది కూడా. “నా దగ్గర ఒకటి అదనంగా ఉందండి, సగం ధరకి ఇచ్చేస్తాను, మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి,” అన్నాను. సాయంత్రానికల్లా చించినాడ వంతెన దాటొచ్చి పట్టుకెళ్లారు.

రెండ్రోజులాగి మళ్లీ ఫోను. “బావా, ఏం చెప్పను! బాలమురళి గారు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోందయ్యా,” అన్నారు. మరేంటనుకున్నారు అన్నాను. ఆయనిచ్చిన డబ్బుతో హాలుకి పరదాలు కుట్టించాను, చాపకి అంబాజీపేటలో చెప్పాను.