పలచటి ధార

ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా సున్నపురాయే. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు బతికేది దాని మీదే. నేనుండేది అక్కడే, ఒక కర్మాగారంలో. నన్ను కూలింగ్ టవర్ అంటారు. నాలుగు సెల్లులు, అంటే గదులు, ఒక్కోదాని నెత్తిన ఒక పెద్ద ఫ్యాను, కాళ్ల కింద బేసిన్. యంత్రాల వేడి మోసుకొచ్చిన నీళ్లను పైన నాజిల్స్ చిలకరిస్తాయి. అవి ఫిల్ మీద, అంటే గుల్లగుల్లగా ఉండే ప్లాస్టిక్ పలకల మీద, పొరలా జారుతుంటే ఫ్యాను కింది నుంచి గాలిని లాగుతుంది. కొన్ని నీళ్లు ఆవిరైపోతూ మిగతావాటి వేడిని పట్టుకుపోతాయి. మీ ఇంటి మట్టికుండ చేసేదీ ఇదే పని. మే నెలలో కడప గాలి 43 డిగ్రీలున్నా, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 26, 27 దగ్గర ఆగుతుంది. గాలి ఎండినకొద్దీ నాకు బలం.

ఆ బలానికి వెల నీళ్లతోనే కట్టాలి. గంటకు వెయ్యి ఘనపు మీటర్ల నీళ్లు తిరిగే టవర్ వాటిని 10 డిగ్రీలు చల్లార్చాలంటే రోజుకు సుమారు 400 ఘనపు మీటర్లు ఆవిరైపోతాయి. పదివేల లీటర్ల ట్యాంకర్లు నలభై! కలమళ్ల దగ్గర 1994లో మొదలైన ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, కూడా పెన్నా మీది మైలవరం జలాశయం నీళ్లతో చల్లబడుతోంది. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం చూసే మనుషుల మధ్య నిలబడి ఈ లెక్క చెప్పడం నాకు బాధే. అందుకే నా మీద పడే ఒక్క చుక్కా వృథా కాకూడదని కోరుకుంటాను.

నన్ను చూసుకునే పెద్దాయన దగ్గర కొలిమిగుండ్ల పిల్లోడొకడు నాలుగేండ్లు పని నేర్చుకుని కెనడాలోని ఆల్బర్టాకు పోయినాడు. అక్కడా కూలింగ్ టవర్ల దగ్గరే ఉద్యోగం. మాకు డిసెంబరు రాత్రి 18 డిగ్రీలకు దిగితేనే గేటు దగ్గర గార్డు మంకీ టోపీ పెడతాడు. అలాంటి ఒక రాత్రి నా డెక్కు మీద నిలబడి పెద్దాయన వీడియో కాల్ మాట్లాడినాడు.

"మామా, ఈడ మైనస్ ముప్పై. ఫిల్ అంచున నీళ్లు కారతా కారతానే గడ్డకడతాండాయి."

"మరేం చేస్తాండారు రా?"

"రెండు సెల్లులు మొత్తానికే ఆపినాము. ఉన్న నీళ్లన్నీ మిగిలిన రెండింటి మీదే జోరుగా వదిలినాము. నాలుగింటికీ పంచితే పలచనై మంచయితాది."

ఫ్యాన్ల సంగతీ చెప్పినాడు. చల్లటి గాలి ఎక్కువ లాగకుండా ముందు వాటి వేగం తగ్గిస్తారంట. గాలి వచ్చే పలకల మీద మంచు పేరుకుంటే ఫ్యానును పూర్తిగా ఆపి, వెనక్కి, నెమ్మదిగా, కొద్దిసేపే తిప్పుతారంట. అప్పుడు లోపలి వెచ్చటి గాలి బయటికొచ్చి ఆ మంచును కరిగిస్తుంది. అతిగా తిప్పితే రెక్కల మీదే మంచు పట్టి, బరువు ఒకవైపుకు ఒరిగి ఫ్యాను అదురుతుంది. టవర్‌ను మొదలుపెట్టేటప్పుడు నీళ్లను ఫిల్ మీద పోయరు. వేడెక్కేదాకా నేరుగా బేసిన్‌లోకే వదులుతారు. ఆవిరి తుంపరలు మెట్ల మీద పడి గడ్డకడితే మనిషి జారిపోతాడని కడ్డీ పట్టుకునే ఎక్కుతారంట. ఒక్క ఘనపు మీటరు మంచు 900 కిలోలకు పైనే తూగుతుంది. ఆ బరువుకు ఫిల్ చిరిగి బేసిన్‌లో పడుతుందని విన్నప్పుడు నా గుండె జల్లుమంది. ఆ దూరదేశపు టవర్‌ను నా తోబుట్టువనుకున్నాను.

పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా మూడో సెల్లు వైపు టార్చి వేసినాడు. "నీకు మంచు, నాకు సున్నం రా. పలచనైన తావే రెంటికీ కావాల."

నిజమే. మా నీళ్లలో సున్నం ఎక్కువ. నాజిల్ మూసుకుపోయి ధార సన్నబడిన చోట నీళ్లు ఆవిరైపోయి, సున్నం మిగిలి, తెల్లగా గట్టిపడుతుంది. అందుకే కొంత నీటిని అప్పుడప్పుడూ బయటికి వదిలి, కొత్త నీళ్లు కలపాలి. పొదుపు చేద్దామని అది మానేస్తే నా ఫిల్ రాయైపోతుంది.

తెల్లారినాక ఆయన మూడో సెల్లు ఆపించినాడు. ముందు ఫ్యాను, ఆ తర్వాత నీళ్లు. ఇద్దరు కుర్రోళ్లు నిచ్చెనెక్కి మూసుకుపోయిన నాజిల్స్ విప్పి బకెట్‌లో వేసినారు. మధ్యాహ్నానికి అవి మళ్లీ బిగిసినాయి. వాల్వు తిప్పగానే నీళ్లు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒకే శబ్దంతో పడినాయి.