తప్పంతా నిక్కరుదే: హాకీ గోలీలకు పన్నెండు చిట్కాలు

గోల్ పడితే తిట్లు గోలీకే. ఫార్వర్డ్ పది ఛాన్సులు పాడుచేసినా అడిగే నాథుడుండడు. గోలీ ఒక్క బంతి వదిలాడంటే బస్సెక్కి ఇంటికి చేరేదాకా అందరి నోటా అదే మాట. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు ఉన్న గోలుకి ఒక్క మనిషిని కాపలా పెట్టి, మళ్ళీ ఆ మనిషినే నిందించడం అన్యాయం. ఈ అన్యాయానికి విరుగుడు ప్యాడ్ షార్ట్స్. నడుము నుంచి తొడల దాకా ఫోమ్ పలకలు కుట్టిన ఆ నిక్కరును తెలివిగా ఎంచుకుంటే, మీ మీద పడాల్సిన నింద మొత్తం అదే మోస్తుంది.

ఆడలేక మద్దెల ఓడు అన్నదని లోకం వెక్కిరిస్తుంది. మద్దెల నిజంగానే ఓటిదైతే ఎవరూ నోరెత్తలేరు. కాబట్టి ఓటి మద్దెలనే ఏరికోరి కొనుక్కోవాలి. ఎలా కొనాలో వరసగా చెబుతున్నాను. ఒక్కటీ వదలకుండా పాటించండి. సీజన్ తిరక్కుండానే బెంచీ మీద మీ చోటు ఖాయం.

1. ముందు రూలు బట్టీపట్టండి

అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిబంధనల ప్రకారం గోలీ తప్పనిసరిగా వేసుకోవాల్సినవి మూడే: హెల్మెట్, లెగ్ గార్డులు, కిక్కర్లు. నిక్కరు ఊసు అందులో లేదు. పీడీ సార్ "షార్ట్స్ ఏవిరా?" అని అడిగితే "రూల్లో లేదు సార్" అని ఠక్కున చెప్పండి. చదువుకున్న గోలీ అని పేరొస్తుంది, డబ్బూ మిగులుతుంది. ఆ మూడింటి జోలికి మాత్రం వెళ్ళకండి. వాటిలో ఏది లేకపోయినా తప్పు మీదవుతుంది. మనకు కావలసింది రూలు ఒప్పుకునే లోటు. సార్ వినకుండా కొనాల్సిందేనంటే మారు మాట్లాడకుండా సరేననండి. మిగతా చిట్కాలు అందుకే ఉన్నాయి.

2. టేపు ముట్టుకోకండి

మంచి షార్ట్స్ అమ్మేవాళ్ళు నడుము, తుంటి, తొడ కొలతలు అడుగుతారు. చెప్పకండి. "నా జీన్స్ సైజు ఇది, దానికి రెండు సైజులు ఎక్కువ ఇవ్వండి" అనండి. పలకలు తుంటి ఎముక మీద, తొడ ముందు వైపున, వెనక తోక ఎముక దగ్గర కూర్చునేలా కుడతారు. వదులు నిక్కరులో రెండు స్లైడ్లు కొట్టగానే తుంటి పలక పొట్ట మీదికి వస్తుంది, తొడ పలక పక్కకి తిరుగుతుంది. బంతి ఎక్కడ తగిలినా అక్కడ పలక ఉండదు. పైగా గోలీ ఒంటిని మరీ పెద్దదిగా చేసే సామానుకు నిబంధనలు ఒప్పుకోవు. అంపైర్ చూసి మార్చుకోమన్నాడా, ఇంకా మేలు. ఆ మార్చుకునే సమయమంతా మీకు విశ్రాంతే.

3. బొటనవేలితో నొక్కి కొనండి

షాపులో తొడ పలకను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి నొక్కండి. లోపల గట్టి ఫోమ్ ఉంటే వేలు దిగదు. అలాంటిది వెంటనే తిరిగిచ్చేయండి. అది బంతి దెబ్బను మింగేసి, బంతిని వెనక్కి కూడా తోసేస్తుంది. ఇక సాకు ఎక్కడ దొరుకుతుంది? నొక్కగానే వేలు అవతలి వేలికి తగలాలి. వదిలాక పలక మీద ఆ గుంట కాసేపు అలాగే ఉండిపోవాలి. అదే మీ సరుకు. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములుంటుంది. గట్టి డ్రాగ్ ఫ్లిక్ వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. మెత్తటి స్పాంజి ఆ దెబ్బను ఏమాత్రం తగ్గించకుండా మీకు అందజేస్తుంది. నొప్పి నటించే శ్రమ మీకు తప్పుతుంది.

4. అద్దం ముందు నిటారుగా నిలబడి చూడండి

కష్టజీవులు షాపుకి లెగ్ గార్డులు కూడా మోసుకెళ్ళి, అవి కట్టుకుని, మోకాళ్ళు వంచి, కాళ్ళు బార్లా చాపి చూస్తారు. మీరు ఒట్టి చేతులతో వెళ్ళండి. వేసుకోండి, అద్దంలో చూసుకోండి, బాగుందనండి, డబ్బిచ్చేయండి. నిలబడి ఉన్నప్పుడు ఏ నిక్కరైనా మోకాలి దాకా ఉన్నట్టే కనిపిస్తుంది. గోల్లో నడుం వంచి, మోకాళ్ళు మడిచి సిద్ధంగా నిలబడగానే దాని అంచు పైకి పాకుతుంది. లెగ్ గార్డు పై అంచుకూ నిక్కరు కింది అంచుకూ మధ్య నాలుగు వేళ్ళ మేర తొడ బయటపడుతుంది. ఆ నాలుగు వేళ్ళ జాగా మీ ఆస్తి. అక్కడ బంతి తగిలితే దెబ్బ తగిలిందనండి, తగలకుండా తప్పుకుంటే "గ్యాప్ ఉంది కదన్నా, ఎలా అడ్డం పెట్టను?" అనండి.

5. క్రికెట్ ఆడే తమ్ముడి థై ప్యాడ్ అరువు తీసుకోండి

క్రికెట్ బంతి కూడా దాదాపు 156 నుంచి 163 గ్రాములే. బరువు ఒకటే కాబట్టి ప్యాడ్ కూడా ఒకటే చాలు. ఎవరైనా ఎదురు చెబితే రెండు బంతుల బరువులూ అప్పజెప్పండి. అంకెలు చెప్పేవాడితో ఎవరూ వాదించరు. బ్యాటర్ పక్కకు తిరిగి నిలబడతాడు కాబట్టి ఆ ప్యాడ్ ముఖ్యంగా బౌలర్ వైపున్న తొడను కాస్తుంది. గోలీ బంతికి ఎదురుగా నిలబడతాడు, రెండు తొడలూ, తుంటీ, తొడల లోపలి వైపూ బంతికి దొరుకుతాయి. అది మాత్రం చెప్పకండి. తమ్ముడు ఇవ్వనంటే సైకిల్ తొక్కేవాళ్ళ ప్యాడ్ షార్ట్స్ కొనండి. దాని మెత్త కూర్చునే చోటనే ఉంటుంది. బెంచీ మీద కూర్చోవడానికి అంతకంటే ఏం కావాలి?

6. శంకర్ లక్ష్మణ్ పేరు వాడుకోండి

సీనియర్లు గట్టిగా పట్టుబడితే చరిత్ర తీయండి. శంకర్ లక్ష్మణ్ 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో భారత్‌కు గోలీ. 1964 టోక్యో ఫైనల్లో పాకిస్తాన్‌కు ఒక్క గోలూ ఇవ్వలేదు, మనం 1-0తో స్వర్ణం గెలిచాం. ఈ ఫోమ్ నిక్కర్లు ఆయన కాలంలో లేవు. ఇంతవరకే చెప్పి ఆపండి. ఆయన ఆడింది పచ్చిక మీద అనీ, ఒలింపిక్స్‌లో కృత్రిమ టర్ఫ్ 1976 మాంట్రియల్‌తో వచ్చిందనీ, టర్ఫ్ మీద బంతి ఎంతో జోరుగా వస్తుందనీ, డ్రాగ్ ఫ్లిక్ ఆ తర్వాతి కాలం ఆయుధమనీ నోరు జారకండి. మహానుభావుడి పేరు వినగానే సీనియర్ల గొంతు తగ్గుతుంది. మీ పని అయిపోతుంది.

7. బొందు వదులుగా కట్టండి

నిక్కరుకు బిగుతు ఎలాస్టిక్, బొందు రెండూ ఉంటే బొందు పీకేయండి. ఎలాస్టిక్ మాత్రమే ఉంటే నాలుగు సార్లు సాగదీసి వదలండి. దాంతో ఆట ఆగినప్పుడల్లా నిక్కరు పైకి లాక్కునే పని దొరుకుతుంది. గ్లవ్స్ తీయడం, నిక్కరు లాగడం, జెర్సీ సర్దడం, మళ్ళీ గ్లవ్స్ వేసుకోవడం. చూసేవాళ్ళకు మీరు ఎంతో శ్రద్ధగా సిద్ధమవుతున్నట్టు కనిపిస్తుంది. డిఫెండర్లను అరిచి నిలబెట్టే పని, ఎవరిని ఎవరు పట్టుకోవాలో చెప్పే పని తప్పుతుంది. ఈలోగా గోల్ పడితే "నిక్కరు సర్దుకుంటున్నా కదా, చూడలేదా?" అని డిఫెండర్ మీద విరుచుకుపడండి.

8. పెనాల్టీ కార్నర్‌ను పండగ చేసుకోండి

పెనాల్టీ కార్నర్ (పీసీ) ఇచ్చాక అది పూర్తయ్యేదాకా ఆటగాళ్ళను మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. డిఫెన్స్ చేసే జట్టు గోలీకి దెబ్బ తగిలినా, అతన్ని బయటికి పంపినా మాత్రం మార్చుకోవచ్చు. మైదానంలో ఇంకెవరికీ లేని ఈ హక్కు మీకుంది. స్పాంజి నిక్కరు కొన్నది దీనికోసమే. మొదటి పీసీలో వచ్చిన ఫ్లిక్ తొడకు తగలగానే పడిపోండి. బంతి బయటికి పోక రెండో పీసీ వచ్చిందా, లేవకండి. ఫిజియో వస్తాడు, స్ప్రే కొడతాడు, రెండో గోలీ హెల్మెట్ పెట్టుకుంటాడు. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లలో మీ వంతు మొదటి క్వార్టర్‌తోనే తీరిపోతుంది. కుంటడం మాత్రం మరిచిపోకండి. ఏ కాలు కుంటుతున్నారో గుర్తుపెట్టుకుని చివరిదాకా అదే కాలు కుంటండి.

9. ఉతక్కండి, ఆరేయకండి

నీళ్ళు కొట్టిన టర్ఫ్ మీద స్పాంజి నిక్కరు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. దాన్ని అలాగే కిట్ బ్యాగులో కుక్కి, జిప్పు వేసి, మంచం కిందికి తోసేయండి. చల్లటి నీళ్ళలో పిండి నీడలో ఆరేస్తే ఫోమ్ చాలాకాలం మన్నుతుంది, అంటే మీరు చాలాకాలం ఆడాలి. తప్పక ఉతకాల్సి వస్తే వేడి నీళ్ళు పోసి మెషీన్లో తిప్పి, మే నెల ఎండలో మేడ మీద పడేయండి. పలకలు ముడుచుకుంటాయి, అంచులు విడిపోతాయి. ఉతక్కుండా వదిలేస్తే వచ్చే వాసన ఇంకో లాభం. అరువు అడగడానికి ఎవరూ దగ్గరికి రారు, కోచ్ కూడా దూరం నుంచే మాట్లాడి వెళ్ళిపోతాడు.

10. కమిలిన మచ్చను పెంచుకోండి

తొడ మీద మచ్చ మొదట ఎర్రగా, మర్నాటికి ఊదాగా, నాలుగైదు రోజులకు అంచుల్లో ఆకుపచ్చగా, ఆఖరికి పసుప్పచ్చగా మారుతుంది. ప్రతి రంగుకీ ఒక ఫోటో తీసి జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పొద్దున్నే పెట్టండి, ప్రాక్టీసుకు పిలిచేలోపు. పసుపు రంగుకి వచ్చిందంటే తగ్గిపోతున్నట్టు లెక్క కాబట్టి ఆ ఫోటో మాత్రం సాయంత్రం మసక వెలుతురులో తీయండి. "నిక్కరు మంచిదై ఉంటే ఇలా అయ్యేది కాదు" అని కింద రాయండి. దాన్ని కొన్నది ఎవరో ఎవరూ అడగరు.

11. సాకులు ముందే రాసి పెట్టుకోండి

గోల్ పడ్డాక ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. మూడు సాకులు నోటికి వచ్చి ఉండాలి. కాళ్ళ మధ్య నుంచి పోతే: "లోపలి పలక లావుగా ఉంది సార్, కాళ్ళు కలవలేదు." పక్కనుంచి పోతే: "నిక్కరు తడిసి బరువెక్కింది, డైవ్ లేవలేదు." ముందుకు రాకుండా గోలు గీత మీదే నిలబడిపోతే: "స్లైడ్ కొడితే తుంటి చర్మం లేచిపోతుంది సార్, పలక జరిగింది." 6.40 మీటర్ల నుంచి పెనాల్టీ స్ట్రోక్ గోలైతే ఏ సాకూ అక్కర్లేదు, అది మామూలుగానే గోలీకి కష్టం. అయినా అలవాటు తప్పకుండా ఒకసారి నిక్కరు వైపు చూసి తల అడ్డంగా ఊపండి.

12. గొప్పవాళ్ళ వైపు చూడకండి

మంచి సామాను ఎంచుకుని, దానికి తగ్గట్టు ఒళ్ళు వంచినవాళ్ళ గతి చూడండి. 2006లో భారత జట్టులోకి వచ్చిన శ్రీజేష్ 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా గోల్లోనే ఉన్నాడు. 2021 ఆగస్టు 5న ఒలింపిక్స్‌లో జర్మనీతో కాంస్య పతకం మ్యాచ్ 5-4 మీద ఉండగా, ఆఖరి క్షణాల్లో పీసీ వస్తే దానికీ ఎదురు నిలబడ్డాడు. సవితా పూనియా అదే ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను ఒక్క గోలూ కొట్టనివ్వలేదు. అప్పటి మన చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళిన ఎతిమర్పు రజని భారత జట్టు గోలీ అయింది. అంత దూరం వెళ్ళినవాళ్ళకు తెల్లవారుజామున నిద్ర ఉండదు, ఆదివారం ఉండదు. ఒక్కసారి బాగా ఆపారంటే మళ్ళీ మళ్ళీ ఆపమంటారు. ఆ ఉచ్చులో మీరు పడకండి.

ఈ పన్నెండూ పాటించినవారికి ఫలితం చేతికందుతుంది. జట్టు జాబితాలో పేరు ఉంటుంది, టిఫిన్ ఉంటుంది, ట్రాక్‌సూట్ ఉంటుంది, గ్రూపు ఫోటోలో చోటుంటుంది. గోల్లో నిలబడే కష్టం రెండో గోలీది. గెలిస్తే మీరూ జట్టులో ఉన్నట్టే. ఓడితే మీరు ఆడలేదు, ఎందుకు ఆడలేదంటే దెబ్బ తగిలింది, ఎందుకు తగిలిందంటే నిక్కరు మంచిది కాదు. ఇందులో మీ తప్పు వెతికి చూపించగల కోచ్ ఇంకా పుట్టలేదు. సెలెక్షన్స్ దగ్గరపడుతున్నాయి. ఈ రోజే షాపుకి వెళ్ళండి, బొటనవేలితో నొక్కండి, పూర్తిగా దిగిపోయేదే ప్యాక్ చేయించుకోండి.