పేకా? మేకా?

నేను సోలాపూర్ తూర్పు భాగంలో, ఒక ఇంటిని ఆనుకున్న రేకుల షెడ్డులో ఉండే మరమగ్గాన్ని. సిరిసిల్లలో అయితే సాంచా అనేవాళ్లు. నేసేది చద్దర్లు. నెత్తిన జకార్డు పెట్టె, దాని అట్టలకు చిల్లులు. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. నా చదువంతా అంతే. మనిషి తలకాయ అలా నడవదని నాకో మేక నేర్పింది.

1877లో ఇక్కడ తొలి బట్టల మిల్లు వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు తర్వాత ఆ మోతను ఇళ్లలోకే తెచ్చుకున్నారు. షెడ్డులో మేమంతా కలిసి ఆడితే 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. అందులో గొంతుకు పనిలేదు, పెదాలే మాట్లాడాలి. నన్ను నడిపే మామ ఒకరోజు, అడ్డదారం చుట్టిన కండె అయిపోవస్తుంటే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడికేసి అరిచాడు: "పేక తే!" వాడు వాకిట్లోకి ఉరికి, ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు.

"మేక యాడుంది మామా?"

వాడి తప్పేం లేదు. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒక్కలాగే మూసుకుంటాయి. తేడా చెప్పాల్సిన చెవిని మేం నింపేశాం. మిగిలిన ఖాళీని వాడి తల ఊరి మాటతో పూడ్చుకుంది.

ఆ పిల్లాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. మొన్న ఫోన్లో ఏదో వీడియో చూపించాడు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు బయటపెట్టిన సంగతట: 'బ' అని వినిపిస్తూ 'గ' అంటున్న మొహం చూపిస్తే, చాలామందికి 'డ' వినబడుతుంది. గొంతు అనలేదు, నోరూ అనలేదు. పడుగొక రంగు, పేకొక రంగు, బట్ట మూడో రంగు. నాకిది వింతేం కాదు.

మామ రాత్రి పాళీ వాళ్లకు నన్ను అప్పజెప్పి షెడ్డు మూలన బస్తాల మీద పడుకుంటాడు. మా మోతకు లేవడు. కరెంటు పోయి మేం ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు. మారకుండా ఉన్నదాన్ని తల లెక్కలోంచి తీసేస్తుంది. ఆగితేనే దానికి కబురు.

నిన్న రాత్రీ అలాగే లేచాడు. గడపలో అత్త కొవ్వొత్తి పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలొంచుకునే ఏదో అంది. పేటలో ఒక్క నాడె కదలడం లేదు, అయినా ఆయనకు అందలేదు. మేం ముందు తినేది స, త, క లాంటి సన్న చప్పుళ్లనే. చెవిలో వాటిని పట్టే కణాలు పోతే మళ్లీ మొలవవు.

మామ కొవ్వొత్తి తీసి ఆమె మొహం దగ్గర పెట్టాడు.

"ఇటు జూసి చెప్పు."