ఫ్యామిలీ రూము కలదు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ నియమం కుదరదు. మూలం నాలుగే పాదాలు, అందులో చెప్పనిదే ఎక్కువ.

గ్రంథం: బోర్డు. కవి: ఒకప్పుడు పెయింటరు, ఇప్పుడు ఫ్లెక్సీ డిజైనరు. కృతిభర్త: ఓనరు. ప్రాప్తిస్థానం: నిజామాబాద్ నుంచి ఆర్మూర్, ఆర్మూర్ నుంచి వేల్పూర్ దిక్కు పోయే తొవ్వ పొడుగునా. ఏ ఒక్క హోటల్‌దీ కాదు. దాదాపు అన్నింటి నెత్తి మీదా ఉండేదే. ప్రయోజనం: ఆదివారం పొద్దుగూకే యాళ్లకు పెండ్లాంపిల్లల్ని బండెక్కించుకుని, ఏ దిక్కు తిప్పాలో తేలక నిలబడ్డ గృహస్థుకు తొవ్వ చూపడం.

మూలం

ఫ్యామిలీ రూము కలదు
పార్సిల్ ఇవ్వబడును
బయటి తినుబండారములు తేరాదు
అప్పు అడగరాదు

పాఠాంతరాలు

మొదటి పాదానికి "ఫ్యామిలీ ఏసీ హాలు కలదు" అని పట్నం ప్రతి, "ఫ్యామిలీ క్యాబిన్లు కలవు" అని దాబా ప్రతి. నాలుగో పాదానికి "అప్పు రేపు" అని కిరాణా దుకాణపు ప్రతి. కొన్ని ప్రతుల్లో "మద్యం సేవించరాదు" అని ఐదో పాదం కూడా కనబడుతుంది. సరిగ్గా ఆ పాదం రాసిన గోడ కిందనే ఖాళీ సీసాలు దొరుకుతుండటం వల్ల అది ప్రక్షిప్తమని పండితుల నిర్ణయం.

ప్రతిపదార్థం

ఫ్యామిలీ = ఆలుబిడ్డలతోను, తల్లితోను, ఒక్కొక్కప్పుడు ఆడబిడ్డ పిల్లలతోను కూడి వచ్చిన గృహస్థునకు; రూము = ప్లైవుడ్డు అడ్డమును, పరదాయును గల చోటు; కలదు = ఉన్నది (ఆదివారము మాత్రము నిండి యున్నది అని అధ్యాహారము); పార్సిల్ = కవరులో మూటగట్టిన కూర; ఇవ్వబడును = ఐదు నిమిషములలో అని చెప్పి అరగంటకు ఇవ్వబడును; బయటి = పక్క బేకరీవగు; తినుబండారములు = చిప్సు మొదలైనవి; తేరాదు = తేగూడదు (పుట్టినరోజు కేకు దీనికి అపవాదము); అప్పు = మళ్లీ వచ్చినప్పుడు ఇత్తునను మాట; అడగరాదు = ఫోన్‌పే తిరుగుచునే యున్నను నోట పలుకరాదు.

ఛందస్సు

యతిప్రాసలు లేవు. పెయింటరు కాలంలో అక్షరం లెక్కన కూలి గనుక కవిత సంక్షిప్తంగా ఉండేది. ఫ్లెక్సీ వచ్చాక చదరపు అడుగు లెక్కన ధర కట్టడంతో అక్షరాలకు కరువు తీరింది. బిర్యానీ బొమ్మ, ఓనరు బొమ్మ, ఓనరు కొడుకు బొమ్మ కూడా పద్యంలోకి వచ్చాయి. ఛందస్సు కోరేవారు బోర్డు వదిలి కౌంటరు వెనక గోడ చూడాలి. అక్కడ ఫుడ్ సేఫ్టీ లైసెన్సు వేలాడుతుంది. దాని నంబరుకు సరిగ్గా పద్నాలుగు అంకెలు. వసంతతిలక వృత్తానికి పాదానికి పద్నాలుగు అక్షరాలే. ఒక్కటి తగ్గినా గణభంగం. లైసెన్సే లేకుంటే అది వచన కావ్యం. పిల్లలతో చదవదగినది కాదు.

మొదటి పాదానికి వ్యాఖ్య

ఫ్యామిలీకి రూము ఉందంటే, మిగిలిన హోటల్ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పూర్వం హోటల్ అంటే మగవాళ్ల జాగా. చాయ్ తాగుతూ పేపరు చదివి, పేపరు అయిపోయినా లేవకుండా కూర్చునేది వాళ్లే. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో కూడా ఆడవాళ్లు వస్తే పరదా వెనక కూర్చోబెట్టేవాళ్లు. ఇటు మన తొవ్వల మీద వైన్స్ పక్కన పర్మిట్ రూము, ఊరి చివర కల్లు కాంపౌండు. వీటి నడుమ "మాది ఆ బాపతు కాదు" అని ఓనరు చెప్పుకోవాలంటే ఒకటే మాట: ఫ్యామిలీ.

ఈ పాదానికి సమాంతర పాఠం సౌదీలో దొరుకుతుంది. అక్కడ హోటళ్లకు రెండు దర్వాజలు ఉండేవి: ఒకటి ఫ్యామిలీలకు, ఒకటి సింగిల్స్‌కు. రెండూ ఉండి తీరాలన్న నిబంధనను 2019 డిసెంబరులో ఎత్తేశారు. అప్పటిదాకా ఆర్మూర్, వేల్పూర్, భీమ్‌గల్ దిక్కు నుంచి పోయిన మనిషి సింగిల్స్ దర్వాజలోంచి పోయే తిన్నాడు. పెండ్లాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, ముసలి తల్లి ఉంది. కాని వాళ్లంతా ఇక్కడ, ఆయన అక్కడ. ఇక్కడ ఫ్యామిలీని నిలబెట్టినవాడే అక్కడ ఫ్యామిలీ దర్వాజకు పనికిరాడు. అట్లాంటి మనిషి సెలవు మీద ఇంటికొచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని "ఫ్యామిలీ రూము" బోర్డు కింది నుంచి లోపలికి పోతుంటే, ఆ పాదం ఆయనకు ఒక్కడికే పూర్తిగా అర్థమవుతుంది. పండితులకు కాదు.

ఆయన తినిపించేది మండి. పుట్టిల్లు యెమెన్‌లోని హద్రమౌత్; మనకు హైదరాబాద్ బార్కస్‌లో అలవాటైంది. నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల వంశస్థులది ఆ బస్తీ. ఒక్క పెద్ద తట్టలో అన్నం, దాని మీద మాంసం, చుట్టూ ఇంటిల్లిపాది. ఎవరి పళ్లెం వాళ్లదని లేదు కాబట్టి ఎవరి వాటా ఎంతో కూడా తేలదు. తట్టకు ఏ దిక్కున కూర్చున్నామన్నదే అసలు సంగతి. పక్క గిన్నెలో తెల్లగా ఉండే మయోనీజ్ గురించి ఒక్క మాట: పచ్చిగుడ్లతో చేసిన మయోనీజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. పిల్లల ముందు ఆ గిన్నె పెట్టేముందు దేనితో చేశారని అడగడం శాస్త్రసమ్మతం.

శంక, సమాధానం

ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది. అది అత్తమ్మది. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేక, తెప్పించుకున్న కుర్చీలో కూర్చుని, మెనూ కార్డును అద్దాలు లేకుండా చేయి చాచి చూసి, కుడి పక్క అంకెలు మాత్రమే చదివి ఇట్లా అంటుంది:

"గీ పైసలతోని ఇంట్ల కోడి కోస్తే రెండు పూటలు తిందుము గదనే?"

దీనికి కోడలి సిద్ధాంతం:

"కోసేదెవలు అత్తమ్మా? కడిగేదెవలు? కూర్చో, నీళ్లు తాగు."

వ్యాఖ్యాతలు పుటలు పుటలు రాసినా ఇంతకు మించి తేల్చలేరు. అత్తమ్మ లెక్కలో కోడి ఉంది, నూనె ఉంది, గ్యాసు ఉంది. మసాలా నూరిన చేయి లేదు. అల్లం ఎల్లిగడ్డ దంచడం, అందరికీ వడ్డించి ఆఖరున మెడముక్కతో సరిపెట్టుకోవడం, తొమ్మిదింటికి గిన్నెల ముందు కూర్చోవడం, ఇవేవీ కిరాణా చిట్టీలో ఉండవు. హోటల్లో అవన్నీ కలిపి అంకె వేస్తారు గనుక ప్రియం అనిపిస్తుంది.

రెండో పాదానికి వ్యాఖ్య

"ఇవ్వబడును" అన్నది కర్మణి ప్రయోగం. కర్త కనబడడు. ఎవరు ఇస్తారు, ఎవరు కడతారు, నిమ్మకాయ ఉల్లిగడ్డ వేయడం మరిచిపోయిందెవరు అన్నవి తేలవు. మన ఇండ్లలో వంట కూడా ఏండ్లుగా ఇదే ప్రయోగంలో నడుస్తోంది: చాయ్ పెట్టబడును, అన్నం వండబడును, గిన్నెలు తోమబడును.

పార్సిల్‌కు మహాక్షేత్రం మనకు దగ్గర్లోనే ఉంది. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వచ్చే తొవ్వలో అంకాపూర్. ఎర్రజొన్న, మక్క విత్తనాలకు పేరుపడ్డ ఊరు; ఇప్పుడు దేశీ కోడికి అంతకన్నా పేరు. అక్కడ ప్లేటు లెక్క లేదు, కోడి లెక్కే. ముందు ఫోన్ చేసి చెప్పాలి; కోడిని కోసి, వండి, అన్నంతో సహా కట్టిస్తారు. హైదరాబాద్ దాకా పోతుంది ఆ మూట. కోడి మొత్తం వస్తుంది కాబట్టి రెండు లెగ్ పీసులూ అందులోనే ఉంటాయి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా న్యాయమైన కొలత లేదు. కారంలో మాత్రం అంకాపూర్ రాజీపడదు. చిన్నపిల్లలున్నవాళ్లు ఒక పెరుగు డబ్బా వెంట ఉంచుకోవాలి.

అటు పోచంపాడులో శ్రీరాంసాగర్ చూడబోయినవాళ్లకు చేపల వేపుడు. తొవ్వ పక్కన బొగ్గుల మీద కాల్చిన మక్క కంకులు. లింబాద్రి గుట్టకు పోయినప్పుడు ఇంటి నుంచి కట్టుకుపోయిన పులిహోర. ఇవన్నీ రూము లేని ఫ్యామిలీ హోటళ్లే. కాని వీటికి బోర్డు లేదు. బోర్డు లేనిదానికి టీక రాయడం సంప్రదాయం కాదు.

మూడో పాదానికి వ్యాఖ్య

సుగమం. ఒక్క సంగతి: షుగరున్న అత్తమ్మ సంచిలోని జొన్నరొట్టెకు ఈ నిషేధం తగలదు, సర్వర్లు అటు తిరిగి నిలబడతారు. అసలు ఈ బెల్టులో "బయటిది" ఏదన్నదే తేల్చడం కష్టం. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అప్పటి నుంచి బోధన్ చాయ్‌లో చక్కెరే బయటిది.

నాలుగో పాదానికి వ్యాఖ్య

పాదం చిన్నది, వేల్పూర్‌లో దీనికున్న చరిత్ర పెద్దది.

ఒకప్పుడు హోటల్లో బల్ల తుడిచే పిల్లవాడి వెనక, బీడీలు చుట్టే ఆడపిల్ల వెనక, పశువుల కాడ జీతమున్న పోరని వెనక తరచుగా ఒక అప్పు ఉండేది. తండ్రి తెచ్చుకున్న పైసలు తీరేదాకా కొడుకు గ్లాసులు కడగాలి. 2001లో, కలెక్టర్ అశోక్ కుమార్ హయాంలో, ఈ మండలంలో 5 నుంచి 14 ఏండ్ల పిల్లలందరినీ బడికి పంపే పని ఊరూరా నడిచింది. సర్పంచులు సర్కారుతో ఒప్పందాలు రాసుకున్నారు. పిల్లల్ని పనికి పెట్టుకున్నవాళ్లు తల్లిదండ్రులకు ఇచ్చిన అప్పులు వదులుకున్నారు. వదులుకున్నవాళ్లకు సభ పెట్టి సన్మానాలు చేశారు. ఆ ఏడాది అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. హోటళ్లలో, దాబాల్లో, చాయ్ దుకాణాల్లో 14 ఏండ్లలోపు పిల్లల్ని పెట్టుకోరాదన్న నిషేధం దేశమంతటా అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరు 10న. వేల్పూర్ ఐదేండ్లు ముందే నడిచింది.

కనుక "అప్పు అడగరాదు" అన్న పాదానికి వాచ్యార్థం గిరాకీకి చెందుతుంది, ధ్వన్యర్థం ఓనరుకు చెందుతుంది. తండ్రి అప్పును కొడుకు దగ్గర అడగరాదు. ఆనాడు పదేండ్ల వయసులో పలక పట్టినవాళ్లకు ఇప్పుడు ముప్పై దాటింది. ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చి "అన్నా, ఆరుగురికి జాగ ఉందా?" అని అడిగేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

లక్షణాలు

బోర్డు మీద ఫ్యామిలీ అని రాసిన ప్రతిదీ ఫ్యామిలీ హోటల్ కాదు. లక్షణజ్ఞులు లోపలికి పోగానే వీటిని పరీక్షించాలి.

ఒకటి, బాత్రూము. ఆడవాళ్లకు వేరే ఉందా, లోపల గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తున్నాయా. హైవే మీద ఫ్యామిలీ కారు ఆగేది బిర్యానీ కోసమని ఓనర్లు అనుకుంటారు. చాలాసార్లు దీనికోసమే ఆగుతుంది.

రెండు, చేతులు కడుక్కునే నల్లా. ఐదేండ్ల పిల్లకు అందాలి. అందకపోతే తండ్రి ఒక చేత్తో పిల్లను ఎత్తి, ఇంకో చేత్తో నల్లా తిప్పుతాడు. తడిసేది ఇద్దరి అంగీలు.

మూడు, సూపు. రెండు సూపులు చెప్పి "వన్ బై టూ" అంటే సర్వరు ముఖం మారకూడదు. మారని చోట కర్రీ కూడా బాగుంటుందని అనుభవజ్ఞుల మాట.

నాలుగు, పిల్లలు. ఏడ్చే పిల్ల ఉన్న బల్ల వైపు పక్కవాళ్లు ఎన్నిసార్లు చూస్తారన్నది కాదు, సర్వరు ఏమి తెచ్చి పెడతాడన్నది చూడాలి. అడగకుండానే ఒక అప్పడం తెస్తే ఆ హోటల్ ఉత్తమం. బిల్లు తెస్తే అధమం.

ఐదు, బల్ల తుడిచేది ఎవరు. మీసం వచ్చినవాడైతే కూర్చోండి. మీ పెద్దోడి ఈడు పోరడైతే లేచి రండి. రూముకు ఏసీ ఉన్నా సరే.

తాత్పర్యం

ఆలుబిడ్డలతో కూడి వచ్చిన ఓ గృహస్థా! ఏ చోట వండి వడ్డించే ఇల్లాలు కూర్చుని వడ్డింపించుకొనునో, ఏ చోట పిల్లలు గ్లాసులు కడుగక గ్లాసులు పడగొట్టుదురో, ఏ చోట పరదేశమున ఒంటిగా తిన్నవాడు తనవారి నడుమ కూర్చుని తినునో, ఆ చోటు ఫ్యామిలీ హోటల్ అని తెలియవలెను. పరదా, ఏసీ, రంగుల దీపములు ఉపలక్షణములు మాత్రమే. అవి లేకున్నను దోషము లేదు. పై మూటిలో ఒక్కటి లేకున్నను ఆ బోర్డు అతిశయోక్త్యలంకారమని భావము.

ఫలశ్రుతి

ఈ బోర్డును సటీకముగా చదివి లోనికి పోయినవారికి కిటికీ పక్క బల్ల దొరకును. చదివి వినిపించినవారికి సోంపు, కల్కండ అదనముగా లభించును. విని, బిల్లు మీద 5 శాతం జీఎస్టీ చూసి గొణగకుండా కట్టిన భర్తకు మహాపుణ్యము కలుగును. ఆ పుణ్యవశమున సోమవారం రాత్రి ఇంట్లో గిన్నెలు తోమే అర్హత అతనికే సిద్ధించును.