రిహార్సల్

ఆ ఓడకి పేరు పెట్టలేదు. ఎల్.ఎస్.టి. 531 అన్నారంతే, బారసాల చేయని బిడ్డని అంకెతో పిలిచినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆ రకం ఓడలు వెయ్యికి పైగా కట్టింది. అన్నింటికీ పేర్లు వెతికే తీరిక ఎవరికుంది?

పుట్టింది సముద్రం ఒడ్డున కూడా కాదు. ఇండియానా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డునున్న ఎవాన్స్‌విల్‌లో. 1943 నవంబరులో నీళ్లలోకి దింపారు. నది వెంబడే దిగి, మిసిసిపీలో కలిసి, న్యూఆర్లీన్స్ దాటాక గానీ ఉప్పునీళ్లు చూడలేదు.

పొడవు 328 అడుగులు, వెడల్పు 50. అడుగు చదును. ముక్కు రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది, ర్యాంపు దిగుతుంది, కడుపులోని ట్యాంకులు నేరుగా ఇసుక మీదికి నడిచి వెళ్తాయి. రేవు అక్కర్లేదు. నడిసముద్రంలో తొట్లనిండా నీళ్లు నింపుకుని లోతుగా కూర్చుంటుంది, ఒడ్డు దగ్గర పడగానే ఆ నీళ్లు వదిలేసి తేలికవుతుంది. ఇంత చక్కటి ఆలోచనకి ఉన్న లోపమల్లా నడకే. వేగం పన్నెండు నాట్లు దాటితే గొప్ప. అందుకే 'ల్యాండింగ్ షిప్, ట్యాంక్'కి గుర్తైన ఎల్.ఎస్.టి. అనే మూడక్షరాలని నావికులు 'లార్జ్ స్లో టార్గెట్' అని చదువుకునేవారు. పెద్దది, నిదానమైనది, గురి తప్పడానికి వీల్లేనిది.

1944 ఏప్రిల్ నెలాఖరు. మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగడానికి ఇక నలభై రోజులు కూడా లేవు. అక్కడి యూటా తీరాన్ని పోలిన తీరం ఇంగ్లండ్‌లోనే, డెవన్‌లోని స్లాప్టన్ శాండ్స్ దగ్గర దొరికింది. చుట్టుపక్కల ఊళ్లు ముందే ఖాళీ చేయించారు. నిజం యుద్ధానికి ఏ లోటూ లేకుండా రిహార్సల్ పెట్టారు. 'ఎక్సర్‌సైజ్ టైగర్' అన్నారు.

సైనికులకి గాలి నింపుకునే బెల్టులు ఇచ్చారు. నొక్కితే చాలు, గ్యాసు నిండి ఉబ్బుతాయి. వీపున బరువైన మూటలు, చేతుల్లో తుపాకులు. బెల్టు అన్నారు కదా, చాలామంది నడుముకి బిగించుకున్నారు.

28వ తేదీ అర్ధరాత్రి దాటింది. ఎనిమిది ఎల్.ఎస్.టి.లు లైమ్ అఖాతంలో బారులు తీరి వస్తున్నాయి. కాపలా రావలసిన రెండు యుద్ధనౌకల్లో ఒకటి, మరో నౌకని గుద్దుకుని రేవులోనే ఉండిపోయింది. షెర్‌బూర్గ్ నుంచి జర్మన్ టార్పెడో పడవలు వస్తున్నాయని ఒడ్డునున్న వాళ్లకి తెలిసింది. చెప్పడానికి దారి లేదు. ఆర్డరు కాయితంలో పడిన ఒక్క టైపు తప్పు వల్ల ఓడల రేడియోలు వేరే ఫ్రీక్వెన్సీ వింటున్నాయి.

రెండు దాటాక ముందు ఎల్.ఎస్.టి. 507కి టార్పెడో తగిలింది. పది నిమిషాలకి 531కి రెండు టార్పెడోలు. ఆరు నిమిషాల్లో మునిగిపోయింది. పుట్టి ఐదు నెలలు. శత్రువు ఒడ్డున ఒక్కసారైనా ర్యాంపు దించలేదు. ఆ రాత్రి మొత్తం 749 మంది పోయారని లెక్క. అందులో 400 మందికి పైగా ఈ ఒక్క ఓడలోని వాళ్లే. జూన్ 6న అసలు యూటా తీరంలో దిగిన నాలుగో డివిజన్‌లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనిపించనివాళ్లు అందరూ కలిపి సుమారు 200.

ఒడ్డుకి పొమ్మన్న ఆజ్ఞని కాదని, బతికినవాళ్ల కోసం ఎల్.ఎస్.టి. 515 వెనక్కి తిరిగింది. దాని కెప్టెన్ జాన్ డోయల్. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. వెతకడానికి వెళ్లిన వాళ్లకి నీళ్ల మీద చాలామంది సైనికులు తేలుతూ కనిపించారు. బెల్టులు ఉబ్బే ఉన్నాయి. బూట్లు పైకి, తలలు నీళ్లలో.

ఆ బెల్టు చంకల కింద కట్టుకోవాలి. నడుముకి ఉంటే మొండెం బరువుకి, మూట బరువుకి మనిషి తలకిందులవుతాడు.

నార్మండీకి బయల్దేరే సైనికులకి బెల్టు ఎక్కడ కట్టుకోవాలో చూపించారు.