పదును పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

పదును లేని కత్తి పండును నలిపేయు
వేలు దొరికెనేని వెనుదిరుగదు
సానరాయి నీరు సహనమ్ము కోణమ్ము
చాలు గృహికి వేఱు సరకు లేల!

అవతారిక

పై ఆటవెలదికి మకుటం లేదు, కర్త పేరు చెప్పుకోలేదు. వంటింట్లో నిలబడి రాసినవాడే అనడానికి రెండో పాదం చాలు. కొలిచెలమ మల్లినాథసూరి, అంటే మన మెదక్ జిల్లా కొల్చారం వాడు, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేని మాట రాయనని నియమం పెట్టుకున్నాడు. అక్కడున్నది కాళిదాసు కనుక సాగింది. ఈ కవి చెప్పినదానికంటే దాటేసిందే ఎక్కువ. అతని విషయంలో ఆ నియమం పాటిస్తే చదువరి కత్తి మొండిగానే మిగిలిపోతుంది.

ప్రతిపదార్థం

పదును లేని = మొద్దుబారిన; కత్తి = కూరలు తరిగే చాకు (కొడవలి, మంగలికత్తి ఇక్కడ గ్రాహ్యం కావు); పండును = టమాటాను. మామిడిపండు అని కొందరు అర్థం చెబుతారు. అది కుదరదు. మామిడిపండు తొక్క మొండికత్తికైనా ఎంతో కొంత లొంగుతుంది. టమాటా అలా కాదు, పైన నున్నగా బిగుసుకుని ఉంటుంది, లోపలంతా మెత్తన. అంచు సన్నగా లేకపోతే తొక్క తెగేలోపే గుజ్జు నలిగి గట్టంతా రసమవుతుంది. నలిపేయు = నలిపివేయును. గణం కోసం కవి రెండు అక్షరాలు కోసేశాడు; కత్తి పద్యం కాబట్టి క్షమిద్దాం. వేలు = కాయను పట్టుకున్న చేతి వేలు; దొరికెనేని = చిక్కినట్లయితే; వెనుదిరుగదు = వదలదు. సహనమ్ము = ఓర్పు; కోణమ్ము = కత్తికీ రాతికీ మధ్య ఉండే ఏటవాలు; గృహికి = ఇల్లు గలవారికి, అద్దె ఇల్లయినా సరే; సరకులు = బజారు సామాను; ఏల = ఎందుకు?

తాత్పర్యం

మొండికత్తి టమాటాను కోయలేదు గాని వేలిని కోస్తుంది. ఒక రాయి, కాసిన్ని నీళ్ళు, ఓపిక, సరైన ఏటవాలు ఉంటే ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చు. వేరే సామాను కొనక్కర్లేదు.

అలంకారం

మొదటి రెండు పాదాల్లో విరోధాభాసం. టమాటా ముందు ఓడినది వేలి ముందు గెలవడం ఎలా? విరోధం పైకే. పదునైన కత్తి తన బరువుతో దిగుతుంది, చెయ్యి దాన్ని ముందుకు వెనక్కి నడిపిస్తే చాలు. మొండికత్తిని నొక్కాలి. అలా నొక్కుతున్నప్పుడు అది తొక్క మీద జారితే, చేతిలో ఉన్న బలమంతా జారినవైపే పోతుంది. ఆ వైపున సాధారణంగా వేలుంటుంది.

కవి ఉల్లిపాయను ఎందుకు వదిలేశాడో అర్థం కాదు. కళ్ళనీళ్ళకు ఉల్లిపాయనే తిడతాం గాని నేరంలో సగం కత్తిది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఉల్లిపాయ తరుగుతుండగా హైస్పీడ్ వీడియో తీసి, 2025లో ఫలితాలు ప్రకటించారు. మొద్దు అంచు పొరను వెంటనే చీల్చలేక నొక్కుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, చివరికి పొర తెగినప్పుడు ఘాటు రసం ఎక్కువ తుంపరలుగా, ఎక్కువ వేగంతో చిమ్ముతుంది. అంటే సానరాయి పని ఉల్లిపాయ దాకా ఉంది.

సానరాయి

భర్తృహరి నీతిశతకంలో, క్షీణించి కూడా శోభించేవాటిలో సాన పట్టిన మణిని లెక్కించాడు. కత్తికీ ఇదే వర్తిస్తుంది. సాన పెట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది, పోవాలి కూడా. ఎంత పోతుంది, ఎక్కడ పోతుంది అన్నదే ఒక సాధనానికీ మరో సాధనానికీ తేడా. ఈ ఒక్క ప్రశ్న గుర్తుంటే అంగడివాడు ఏం చెప్పినా భయం లేదు.

హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇచ్చేది కార్బొరండం రాయి: ఒకవైపు గరుకు, మరోవైపు కొంచెం నున్నన. కార్బొరండం గని నుంచి వచ్చింది కాదు, కొలిమిలో పుట్టింది. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ దానికి 1893లో పేటెంటు పొందాడు. చవకైనది, గట్టిది, మొండి పీటకత్తికి మహాప్రసాదం. అయితే దాని నున్నటి వైపు కూడా జపాను తరహా 1000 నంబరు రాయంత నున్నగా ఉండదు. ఈ నంబర్లు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. 400 మొద్దుబారిన అంచును తీర్చడానికి, 1000 రోజువారీ పదునుకు, 3000 ఆపైన మెరుగుకు. ఇంటికి 400, 1000 రెండు ముఖాలున్న ఒక రాయి చాలని నా అభిప్రాయం. 6000, 8000 కొనేవారు కూరలకు కాదు, ముచ్చటకు కొంటున్నారు. టమాటా తొక్కను పట్టుకోవాలంటే అంచులో కాస్త గరుకు మిగలాలి. అద్దంలా మెరిసే అంచు ఒక్కోసారి దానిమీద జారుతుంది.

కత్తిపీట ఉన్న ఇళ్ళవారికి ఒక మాట. చాకును రాతి దగ్గరికి తీసుకెళతాం. కత్తిపీట విషయంలో రాయే దాని దగ్గరికి వెళ్ళాలి. అలుగుకు ఆనించిన చిన్న రాతిముక్కతో, వంపు వెంట, రెండు పక్కలా. ఊళ్ళో రాయి దొరకని రాత్రి పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుగు పూయని వలయం మీద రుద్దినా ఆ పూటకు గడుస్తుంది.

పాఠాంతరం

"సానరాయి నూనె" అని మరో పాఠం చెబుతారు. నూనె కూడా గలమే, నీరు కూడా గలమే. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పలేదు; రాయే చెప్పాలి. జపాను తరహా నీటిరాయికి నూనె తగిలితే దాని రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక దాన్ని మామూలు చేయడం కష్టం. కార్బొరండానికి రెండూ పనికొస్తాయి, కాని ఒకసారి నూనె మరిగిన రాయి మళ్ళీ నీటికి రాదు. నూనె అంటే వంటనూనె అనుకుని కొబ్బరినూనె, వేరుశనగ నూనె పోసేవారున్నారు. కొన్నాళ్ళకు అది జిగురుగట్టి కంపు కొడుతుంది. కుట్టుమిషను నూనె పలచన, అది నయం. మొత్తానికి "నీరు" అన్నదే సాధుపాఠం. మెత్తటి నీటిరాయిని బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. గట్టి సిరామిక్ రాయికి పైన చిలకరిస్తే సరి. రుద్దేటప్పుడు పేరుకునే బూడిదరంగు బురదను వెంటవెంటనే కడిగేయకండి, పని చేసేవాటిలో అదీ ఒకటి.

కోణమ్ము

పద్యానికి ప్రాణం ఈ మాటే. కవి దాన్ని పాదం చివర పెట్టి వెళ్ళిపోయాడు, ఎంత కోణమో చెప్పలేదు.

మామూలు వంటింటి చాకుకు ఒక్కో పక్క సుమారు 20 డిగ్రీలు. గట్టి ఉక్కుతో చేసే పలచని జపాను కత్తులకు 15. కోణమాని అక్కర్లేదు. కత్తిని రాతి మీద నిటారుగా నిలపండి, 90. సగం వంచండి, 45. దాన్ని మళ్ళీ సగం చేస్తే 22 చిల్లర. ఇంకాస్త దించితే సరిపోయింది. లెక్కల మీద ఇష్టమున్నవారికి: అంచు నుంచి వెన్ను దాకా రెండున్నర సెంటీమీటర్లుండే చాకైతే, 20 డిగ్రీల దగ్గర వెన్ను రాతి నుంచి 8, 9 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది.

20కి బదులు 18 వచ్చినా, 23 వచ్చినా ప్రళయం రాదు. ఒక్కో రుద్దుకు ఒక్కో కోణం వస్తేనే అంచు గుండ్రమై, ఎంతసేపు రుద్దినా తెగదు. సహనాన్నీ కోణాన్నీ కవి పక్కపక్కన పెట్టింది ఇందుకే అనిపిస్తుంది. అనుమానముంటే అంచు పొడవునా నల్ల మార్కరు పూసి నాలుగుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు దాకా పోయిందా, సరే. పైన పోయి అంచున మిగిలిందా, కత్తిని మరీ పడుకోబెట్టారు. మొన దగ్గర కత్తి వంపు తిరుగుతుంది కనుక అక్కడ పిడిని కొద్దిగా ఎత్తాలి. చాలా ఇళ్ళలో కత్తి మధ్యలో పదునుగా, మొన దగ్గర మొండిగా ఉండేది ఇందుకే.

కవి చెప్పనిది

నాలుగు వస్తువులు చెప్పి "చాలు" అన్నాడు. అయిదోది మరిచాడు, అదే అన్నిటికంటే ముఖ్యం. ఎప్పుడు ఆపాలి?

ఒక పక్క రుద్దుతూ పోతే, రెండు ముఖాలు కలిసేచోట ఉక్కు పలచబడి అవతలి పక్కకు సన్నని గరుకుగా మడత పడుతుంది. లేత్ మిషన్ల దగ్గర దీన్ని బర్ అంటారు. కంటికి సరిగా కనబడదు, బొటనవేలికి తెలుస్తుంది. వేలిని వెన్ను నుంచి అంచు వైపు, బయటికి జార్చాలి. అంచు వెంట నడిపితే రెండో పాదం నిజమవుతుంది. ఆ గరుకు పిడి దగ్గర నుంచి మొన దాకా ఎడతెగకుండా తగిలితేనే ఆ పక్క పూర్తయినట్టు. అప్పుడు తిప్పి రెండో పక్క, మళ్ళీ గరుకు లేచేదాకా. తరవాత ఒత్తిడి తగ్గిస్తూ అటొకటి ఇటొకటి రుద్దితే అది రాలిపోతుంది. చివర్లో పాత తోలు బెల్టు మీదో అట్టముక్క మీదో అంచు వెనక పడేలా నాలుగుసార్లు లాగాలి. గరుకు తీయకుండా ఆపితే కత్తి మొదటి కాయకు మహా పదునుగా తోస్తుంది, రెండో పూటకు ఆ గరుకు వాలిపోయి మళ్ళీ మొండి.

"పక్కకు పదేసి సార్లు" అని లెక్క చెప్పే గురువులున్నారు. ఎంత మొండిదో, ఏ ఉక్కో, ఏ రాయో తెలియకుండా పది ఎలా వచ్చిందో వారే చెప్పాలి.

పూర్వపక్షం

"అయ్యా, ఇంత శాస్త్రం ఎందుకు? బజార్లో పిడి ఉన్న చిన్న పెట్టె దొరుకుతుంది. గాడిలో కత్తి పెట్టి రెండుసార్లు లాగితే పదును." ఇలా పూర్వపక్షి.

సమాధానం. ఆ గాడిలో వి ఆకారంలో రెండు కార్బైడు ముక్కలుంటాయి. అవి అంచును అరగదీయవు, చెక్కుతాయి. పోయే ఉక్కు ఎక్కువ, మిగిలే అంచు చిరుగుల అంచు. కోణం పెట్టెది, కత్తిది కాదు. అలాగని పూర్తిగా నిషేధించలేను, ఇక్కడ కవితో నాకు భేదం. తక్కువ ధరకు కొన్న మెత్తటి స్టీలు చాకుకు, పొద్దున్నే క్యారేజీలు కట్టే ఇంట్లో, ఆ పెట్టె తప్పేమీ కాదు. సన్నగాడిలో నొక్కకుండా రెండు మూడుసార్లు లాగి ఊరుకోవాలి. ఖరీదైన జపాను కత్తిని మాత్రం దాని దరిదాపులకు తేవద్దు. రాక్‌వెల్ కొలతలో 60 దాటిన ఉక్కు గట్టిది, పెళుసు. గాడిలో అంచు పెచ్చులూడుతుంది. జర్మను తరహా కత్తులు 56, 58 దగ్గర ఉంటాయి, కొంత ఓర్చుకుంటాయి. రంపపు పళ్ళ బ్రెడ్డు కత్తికి రాయీ వద్దు, పెట్టే వద్దు.

పొడవాటి ఉక్కు కడ్డీ మీద వంటవాళ్ళు కత్తిని టకటకా ఆడించడం చూసి అదే సాన అనుకుంటాం. కడ్డీ చేసేది వేరే పని. వాడుకలో ఓ పక్కకు వాలిన అంచును అది నిలబెడుతుంది, పోయే ఉక్కు బహు స్వల్పం. వారానికి ఓసారి కడ్డీ పడితే రాతి పని నెలల తరబడి వాయిదా పడుతుంది.

ఇక సైకిలు స్టాండు వేసి, తొక్కుతూ చక్రం తిప్పే సానవాడు. నిప్పురవ్వలు పిల్లలకు పండగ, కత్తికి కాదు. పొడి చక్రం మీద అంచు కాలి నీలం రంగు తిరిగితే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. "నీళ్ళలో ముంచుతూ పట్టు నాయనా" అని అడగడంలో మొహమాటం వద్దు. కొడవలికీ, కత్తిపీటకూ అతని చేయే మేలు.

గృహికి

ఇల్లు గలవారు అన్నాక గట్టు కూడా ఉంటుంది. అది చాలా ఇళ్ళలో చీమకుర్తి నల్లరాయి. దానిమీదే నిమ్మకాయ, పచ్చిమిరపకాయ పెట్టి టక్కున కోస్తారు, లేదా స్టీలు పళ్ళెంలో. అంచు రాతికి తగిలిన ప్రతిసారీ మడత పడుతుంది. గంటసేపు పట్టిన సాన రెండు నిమ్మకాయలకు చెల్లు. కోయడానికి చెక్కపీట వాడాలి, గాజు పలక వద్దు. తరిగినవి కళాయిలోకి తోసేటప్పుడు కత్తి వెన్నుతో తోయాలి. సింకులో గిన్నెల కింద కత్తి పడేయడం అంచుకూ ప్రమాదం, అంట్లు తోమేవారి చేతికీ ప్రమాదం.

ఫలశ్రుతి

మూలంలో లేదు, ఆచారం కొద్దీ చేర్చడమైనది. ఈ పద్యార్థం ఆచరించిన ఇంట్లో దినపత్రిక అంచును నిలువుగా పట్టి కోస్తే చిరగకుండా తెగుతుంది, టమాటా చక్రాల్లా వస్తుంది. అయితే ఆ ఇంటివారికి ఇన్నాళ్ళూ నొక్కి కోయడం అలవాటు. కత్తికి పదును వచ్చిందని అందరికీ, ముఖ్యంగా పొద్దున్నే నిద్రమత్తులో కాఫీకి ముందే కూరలు ముందేసుకునేవారికి, గట్టిగా చెప్పాలి. చెప్పినా వినిపించుకోరు కనుక మొదటి రోజు తరగడం సాన పట్టినవారి వంతు.