చదివింపులు

పద్యనాటకాల రోజుల్లో ఊళ్లో ఎవరూ పద్యాన్ని ఊరికే వినేవారు కాదు. టికెట్టు పెట్టిన పందిరైనా, జాతరలో ఊరివాళ్లు చందాలు వేసుకుని ఆడించిన నాటకమైనా, నచ్చిన పద్యానికి ముందు ‘వన్స్‌మోర్’ పడేది, ఆ వెనకే చదివింపులు మొదలయ్యేవి. ఫలానావారు కృష్ణుడి వేషానికి పది రూపాయలు, ఫలానావారు హార్మోనిస్టుకు అయిదు రూపాయలు అంటూ మైకులో పేరుపేరునా చదివేవారు. రాయబారం మధ్యలో ఆగిపోయినా జనం విసుక్కునేవారు కాదు. తమకు సంతోషం కలిగించిన మనిషికి ఆ రాత్రే, అక్కడికక్కడే ఎంతో కొంత ముట్టజెప్పాలన్నది వాళ్ల మర్యాద.

మా చిన్నాన్న సంసారం ఆ అయిదేసి రూపాయల మీదే గడిచింది. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కాలి హార్మోనియం వాయించేవారు. తెల్లవార్లూ తిత్తి తొక్కి ఇంటికొచ్చాక, జేబులో నలిగిన నోట్లు సాపుచేసి లెక్కపెట్టే పని కూతురిది. ఆ నోట్లతోనే ఆమె ఇంజనీరింగు చదివింది, అమెరికా వచ్చింది, ఫిలడెల్ఫియా శివార్లలో ఇల్లు కొనుక్కుంది. పైసా వృథా చెయ్యదు. ఆ జాగ్రత్త ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసినవాణ్ని కాబట్టి, నాకు మా చెల్లెలంటే ఎప్పుడూ గౌరవమే.

2023 జులైలో పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లో తానా మహాసభలు జరిగినప్పుడు చిన్నాన్న ఇక్కడే కూతురి దగ్గరున్నారు. శనివారం పొద్దున సభల సందడిలో ఉన్న ఇద్దర్నీ, మధ్యాహ్నం పన్నెండు కాకముందే బయటికి తీసుకొచ్చాను. పెద్ద దూరం లేదు. మార్కెట్ స్ట్రీటూ పదమూడో వీధీ కలిసేచోట, నగరం నడిబొడ్డున, ఒక పెద్ద బట్టల కొట్టు. పేరు అప్పటికి మేసీస్. పాతకాలంవాళ్లు మాత్రం దాన్ని వానమేకర్స్ అనే పిలుస్తారు.

‘‘కొట్లో ఏముందిరా?’’ అన్నారు చిన్నాన్న.

‘‘మీ హార్మోనియం పెద్దన్నయ్య ఉన్నాడు’’ అన్నాను.

లోపల సెంట్లూ చెప్పులూ అమ్మే బల్లల మధ్య నుంచి నడిస్తే, ఒక్కసారిగా పైకప్పు మాయమవుతుంది. ఏడంతస్తుల ఎత్తున ఖాళీ. చుట్టూ పాలరాతి స్తంభాలు, నడుమ రెండున్నర వేల పౌన్ల కంచు గద్ద. ‘గద్ద దగ్గర కలుద్దాం’ అనుకోవడం ఈ ఊళ్లో తరతరాల అలవాటు. ఎదుట గోడ మీద బంగారు రంగు గొట్టాలు. కనిపించేవి కొద్దే. అసలువి గోడల వెనక, అంతస్తుల వారీగా గదుల్లో దాగి ఉన్నాయి. మొత్తం 28,750. పనిచేస్తున్న పైప్ ఆర్గన్లలో ప్రపంచం మొత్తానికీ పెద్దది ఇదేనంటారు. అన్నిటికన్నా పెద్ద గొట్టం 32 అడుగులు దాటిన చెక్కది, పేపర్లలో ఫొటో కోసం ఒకప్పుడు దానిలోపల పొట్టి గుర్రాన్ని నిలబెట్టారు. అన్నిటికన్నా చిన్నది బియ్యపు గింజంత.

పన్నెండయింది. మొదటి స్వరం చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసింది. చిన్నాన్న గద్ద పీఠాన్ని పట్టుకుని నిలబడ్డారు. కళ్లు మూసుకోలేదు. ఏ స్వరం ఏ అంతస్తు నుంచి వస్తోందో వెతుకుతూ తల తిప్పుతున్నారు. కాసేపటికి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

‘‘ఫిడేళ్లు ఎక్కడ పెట్టార్రా? కనపడరే మనుషులు!’’

మనుషులు లేరు. తీగల ధ్వని పలికించడానికే ఇందులో ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది, షికాగో కింబాల్ కంపెనీ చేసింది. ఆ ఒక్క గది పొడవే 67 అడుగులు. నేను చెవిలో చెబుతుంటే ఆయన వేలు అడ్డం పెట్టి ఆపేశారు. ధ్వని పెరుగుతోంది. కొత్త గొట్టాలేవీ కలవడం లేదు, ఉన్న ధ్వనే ఎవరో ఊపిరి నింపుతున్నట్టు పెరిగి, మళ్లీ అణిగింది. గొట్టాల గదుల ముందు చెక్క పలకలుంటాయి, వాటిని కాలితో తెరుస్తూ మూస్తూ వాయిద్యగాడు ఆ పని చేస్తాడు. ఆ సంగతి చెప్పకుండానే చిన్నాన్నకు తెలిసిపోయింది. నటుడు రాగం తీస్తూ పైషడ్జం మీద నిలబడినప్పుడు వెనక నుంచి తిత్తిని అదిమి పట్టి, గొంతు దిగుతుంటే మెల్లగా వదిలే పనే ఆయన జీవితమంతా చేశారు.

‘‘గమకం పలకదురా ఇదీ, మన పెట్టెలాగే మెట్ల వాద్యం. అయితేనేం, ఊపిరి చూడు. ఎంత ఊపిరి!’’ అన్నారు. గమకం పలకదన్న కారణంతోనే మన ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ అవమానం ఆయన తరానికి బాగా తెలుసు. అందుకేనేమో, ఒక మెట్ల వాద్యానికి ఏడంతస్తుల కొలువు కట్టి ఇంత గౌరవం చెయ్యడం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

కచేరీ అయ్యాక పైఅంతస్తుకు తీసుకెళ్లాను, వాయించే చోటు చూడ్డానికి. మెట్ల వరసలు ఒకదాని మీద ఒకటి ఆరు. వాటి చుట్టూ అర్ధచంద్రాకారంలో రంగురంగుల మీటలు వందలకొద్దీ. ఆ రంగుల్ని బట్టే ఏది వేణువో ఏది తీగలో పోల్చుకుంటారట. కింద కాళ్లతో వాయించడానికి ఇంకో వరస. అక్కడున్న పెద్దావిడ, మీరూ వాయిస్తారా అని అడిగింది. చెల్లెలు గర్వంగా ‘‘యాభై ఏళ్లు వాయించారు’’ అంది. ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. చిన్నాన్న మెట్లను తాకలేదు, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు.

ఇంత వాద్యం బట్టల కొట్లోకి ఎలా వచ్చిందని అడిగితే, తెలిసినంత చెప్పాను. 1904లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం లాస్ ఏంజిల్స్ కంపెనీ ఒకటి దీన్ని కట్టి, దివాలా తీసింది. ప్రదర్శన ముగిశాక విప్పి గిడ్డంగిలో పడేశారు. ఈ కొట్టు యజమాని జాన్ వానమేకర్ 1909లో కొన్నాడు. పదమూడు గూడ్సు పెట్టెల్లో ఇక్కడికి తెచ్చారు, అమర్చడానికి రెండేళ్లు పట్టింది. 1911 జూన్ 22న, లండన్‌లో పంచమ జార్జి నెత్తిన కిరీటం పెడుతున్న వేళకే ఇక్కడ మొదటిసారి మోగించారు. అప్పటికి పదివేల పైచిలుకు గొట్టాలు. ఈ హాలుకు ఆ ధ్వని చాలదనిపించింది. కొడుకు రాడ్‌మన్ ఊరుకోలేదు. కొట్టు పైఅంతస్తులోనే ఆర్గన్ కర్మాగారం పెట్టించి, పనివాళ్లను నెలజీతాలకు కుదిర్చి, ఇరవై ఏళ్లు పెంచుతూనే పోయారు. 1919లో సంగీత నిర్దేశకుడు స్టొకోవ్‌స్కీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాను తెచ్చి దీనితో కలిపి వాయించాడు. అమ్మకపు బల్లలన్నీ తీయించి వేలమందిని కూర్చోబెట్టారు. 1921లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్గన్ విద్వాంసుడు మార్సెల్ డుప్రేకు అప్పటికప్పుడు కొన్ని పాత ప్రార్థన కీర్తనల బాణీలు అందిస్తే, ఆయన వాటిమీద క్రీస్తు జీవితాన్ని నాలుగు భాగాల సింఫనీగా ఆశువుగా అల్లాడు.

‘‘ఆశువుగానా!’’ అన్నారు చిన్నాన్న. ఆ ఒక్క మాట ఆయన్ని పట్టేసింది. అవధానాలూ ఆశుకవితలూ పుట్టిన నేల నుంచి వచ్చిన మనిషి కదా.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న, నేను ఈ కొట్టుకు తీసుకొచ్చిన అతిథులెవరూ అడగనిది.

‘‘వాయించిన ఆయనకు జీతం ఎవరిస్తారు?’’

‘‘కొట్టువాళ్లే’’ అన్నాను. ‘‘బాగుచేతలకు అభిమానుల సంఘం ఒకటి సాయపడుతుంది. ఆదివారాలు తప్ప రోజుకు రెండుసార్లు కచేరీ. ఎవరైనా వచ్చి వినొచ్చు. టికెట్టు లేదు.’’

‘‘మరి చదివింపులు?’’

‘‘ఇక్కడ అలాంటివి లేవు చిన్నాన్నా.’’

ఆయన కాసేపు ఆలోచించారు. కింద బల్లల మధ్య తిరుగుతున్న జనాన్ని చూశారు. ‘‘అయితే కొట్లో ఏదైనా కొనాలన్నమాట’’ అన్నారు. అలా అని మెట్లు దిగి, మగవాళ్ల బట్టలున్న వైపు తిన్నగా నడిచారు. సరిగ్గా ఆ లెక్క మీదే వానమేకర్ ఈ వాద్యాన్ని ఇక్కడ పెట్టించాడు. బేరాలు లేకుండా అందరికీ ఒకే ధర అనే పద్ధతిని అమెరికాలో నాటిన వర్తకుల్లో ఆయనొకడు. ప్రతి వస్తువుకూ ధరచీటీ కట్టిన కొట్లో, పాటకు మాత్రం చీటీ కట్టలేదు. పాట విన్నవాడు చొక్కా కొంటాడు, ఆ చొక్కా డబ్బుల్లోంచి రేపటి పాట వస్తుంది. వందేళ్లకు పైగా ఈ ఏర్పాటు నిలబడింది. వానమేకర్ కుటుంబం కొట్టు అమ్మేసుకున్నాక పేర్లు మారాయి, యజమానులు మారారు, పాట మాత్రం ఆగలేదు.

చిన్నాన్న ఆరు జేబురుమాళ్లున్న పెట్టె ఎంచుకున్నారు. తెల్ల నూలువి. అంచు కుట్టు వేలితో తడిమి చూశారు. డబ్బు తీద్దామని జేబులో చెయ్యి పెట్టేలోపు చెల్లెలు ఆ పెట్టె అందుకుని, వెనకున్న గీతల మీద ఫోను పెట్టింది.

‘‘నాన్నా, ఇవే రుమాళ్లు. ఇదే కంపెనీ. ఆన్‌లైన్‌లో నాలుగు డాలర్లు తక్కువ. రేపు పొద్దున్నకల్లా గుమ్మంలో ఉంటాయి.’’

‘‘ఇక్కడే తీసుకుందాంలే అమ్మా.’’

‘‘ఎందుకు నాన్నా దండగ? పాట ఎటూ ఉచితమే. నువ్వొక్కడివీ కొంటే వీళ్లకు వచ్చేదేముంది, కొనకపోతే పోయేదేముంది? నాలుగు డాలర్లంటే మూడొందల పైచిలుకు రూపాయలు. ఆర్డరు పెట్టేశాను చూడు.’’

ప్రేమతోనే అంది. తండ్రి రెక్కల కష్టం తెలిసిన కూతురు, ఆయన పేరు మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనివ్వదు. చిన్నాన్న ఇంకేమీ అనలేదు. పెట్టెను తీసిన చోటే, పక్కవాటితో వరస కలిసేలా సర్ది పెట్టారు. మర్నాడు మేము సభలకు బయలుదేరేసరికి రుమాళ్లు గుమ్మంలో ఉన్నాయి.

2025 జనవరిలో మేసీస్ వాళ్లు దేశంలో 66 కొట్లు మూసేస్తున్నామని ప్రకటించారు. ఆ జాబితాలో ఇదీ ఉంది. మార్చి 23 ఆఖరి రోజు. అంతకుముందు రోజు, శనివారం, చెల్లెలే నాకు ఫోను చేసి రమ్మంది. ఈ రెండేళ్లలో ఆమె ఈ వాద్యాన్ని ప్రేమించింది. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆఫీసు మధ్యాహ్నాలు వీలైనప్పుడల్లా వచ్చి వినేది, పిల్లల్ని క్రిస్మస్ దీపాల ప్రదర్శనకు తీసుకొచ్చేది, ఏ మీట ఏ గొంతు పలుకుతుందో నాకన్నా బాగా చెప్పగలిగేది.

ఆ రోజు హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. పై అంతస్తుల పిట్టగోడల వెంట కూడా జనం. అల్మరాలు బోసిపోయాయి. బట్టలు తగిలించే కొయ్యలక్కూడా ధరచీటీలు కట్టారు. వాద్యానికి మాత్రం అప్పుడూ చీటీ లేదు, అది చారిత్రక సంపద, భవనంతోపాటు ఉంటుంది. ఆగిపోయేది రోజువారీ కచేరీ. పాట మొదలవగానే ముసలివాళ్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. చెల్లెలు తెనాలికి వీడియో కాల్ కలిపి, ఫోను పైకెత్తి పట్టుకుంది. అక్కడ రాత్రి. చిన్నాన్న మంచం మీద కూర్చుని, పాట అయ్యేదాకా కదలకుండా విన్నారు.

చప్పట్లు ఆగాక ఆమె ఫోను ముఖం దగ్గరికి తెచ్చుకుంది. మాట సరిగా రావడం లేదు. ‘‘నాన్నా, వందేళ్లకు పైగా వినిపించారు. పైసా అడగలేదు. ఇంతమంది ఏడుస్తున్నాం, చూడు. ఇంతమందిమి ఉండి కూడా ఎందుకు నిలబెట్టుకోలేకపోయాం నాన్నా?’’

చిన్నాన్న గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చిన్నప్పుడు నోట్లు లెక్కపెట్టమని కూతురికిచ్చి, మొత్తం ఎంతయిందని అడిగినట్టే అడిగారు.

‘‘అప్పుడు ఆ రుమాళ్ల మీద మనకి మిగిలింది ఎంతన్నావమ్మా?’’